చార్టక్క గీసిన మెట్టు

"దిగిన చుక్కలన్నీ నేనే చెరిపేశానక్కా, నీ పటంలో దిగడమే లేదని."

చర్చి పక్క గది తలుపు దాకా వచ్చిన తమ్ముడు ఆ మాటకి గుమ్మంలోనే ఆగిపోయాడు. చంకలో కొత్త పటాల కట్ట ఉంది. జిరాక్సు మిషన్లోంచి తీసి పావుగంట కూడా కాలేదేమో, కాగితాల వెచ్చదనం చొక్కాలోంచి తగులుతోంది. లోపల మాట్లాడుతున్నది వెల్డరు పెళ్ళాం, పక్కనే వెల్డరు. ఆమె ఎదురుగా బెంచీ మీద వాడి అక్క.

రోజూ లేవగానే ఒంటి వేడి కొలిచి పటంలో చుక్క పెట్టాలి. నెల మధ్యలో గీత ఒక మెట్టెక్కి మూడు రోజులు అక్కడే నిలబడితే, ఇక ఆ నెలకి గర్భం భయం లేదు. చర్చిలో పెళ్ళి కుదిరిన ప్రతి జంటకీ అక్క ఏడేళ్ళుగా నేర్పుతున్నది ఇదే. "మాత్రలు మింగి బిడ్డ వచ్చే దారికి మనం తలుపు బిగించకూడదు, కావాలంటే గీత నిలబడేదాకా మనమే ఆగాలి" అనేది. అందుకే ఊరంతా ఆమెని చార్టక్క అంటారు.

వెల్డరు పెళ్ళాం గీత కుంటి గుర్రంలా నడిచింది. పదో రోజు ఎక్కింది, మర్నాడు దిగింది, మళ్ళీ ఎక్కింది. అక్క ఇచ్చిన మాదిరి పటంలో నున్నటి మెట్టు ఒక్కటే. తన కొలతలోనే తప్పుందనుకుని ఆ పిల్ల దిగిన చుక్కలు చెరిపి గీత సాపు చేసుకుంది, ఇక భయం లేదనుకుంది. ఇప్పుడు మూడో నెల. కిందటి కాన్పుకే చావు తప్పి బతికింది, మళ్ళీ కడుపొస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది.

వెల్డరు ఊరుకోలేదు. తన పనిలో కొలత తప్పితే కోసి మళ్ళీ అతుకుతానని, ఇక్కడేం కొయ్యమంటారో చెప్పమని అక్క మీదికి లేచాడు.

"కొయ్యడం మాటెత్తకు," అంది పెళ్ళాం మొగుడితో. "బిడ్డని తీయించుకోను. అది నాకు ఫాదరు చెప్పక్కర్లేదు. అక్క ఒక్కటి చెబితే చాలు. నేను తప్పెక్కడ చేశాను?"

అక్క ఆ పిల్ల పటం తీసుకుని చెరిపిన చోట్లు వేలితో తడిమింది. తమ్ముడికి మాత్రం తేలు కుట్టిన దొంగలా ఉంది. జవాబు తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు బెంచీ మీద, ఒకడు గుమ్మంలో.

తరగతులు మొదలుకాకముందు మాట. నాలుగేళ్ళలో ముగ్గురు పిల్లలు అక్కకి. బావ లారీ ఎక్కితే పది రోజులకి గానీ దిగడు. ఆసుపత్రిలో దుప్పట్లు ఇస్త్రీ చేసి వచ్చి, చంకలో ఒకణ్ణి, వీపున ఒకణ్ణి మోసుకుంటూ వంట చేసేది. ఒకరోజు తమ్ముణ్ణి పిలిచి చీటీ చేతిలో పెట్టింది. ఎవరూ గుర్తుపట్టని మందుల షాపులో తెమ్మంది. వాడప్పుడే కాలేజీ వదిలేసి చర్చి గేటు దగ్గర జిరాక్సు షాపు పెట్టాడు. గర్భం రాని మాత్రలని తెలిసీ తెచ్చాడు. తర్వాత నెలనెలా తెచ్చాడు.

మూడో బిడ్డతో కాన్పులు ఆగిపోయేసరికి అందరూ అదంతా నిగ్రహమే అనుకున్నారు. "ఆ దంపతుల్ని చూసి నేర్చుకోండి," అని ముసలి ఫాదరు పీఠం దగ్గరే చెప్పాడు. పెళ్ళి తరగతి అప్పగించి, నీ పటమే మాదిరిగా ఇవ్వమ్మా అన్నాడు. లేని పటం ఎక్కణ్ణుంచి తెస్తుంది? పుస్తకంలో బొమ్మ చూసి, వంటగదిలో నేల మీద కూర్చుని, మూడు నెలల చుక్కలు ఒక్క పూటలో పెట్టేసింది. "నీ చెయ్యి అద్భుతం, జ్వరం కూడా రాలేదు నీకు," అని తమ్ముడు పగలబడి నవ్వి, ఆ పటాన్నే వందల కాపీలు తీశాడు.

ఆదివారం పూజలో, పాపం దాచుకున్నవాళ్ళు ముట్టకూడని సత్ప్రసాదం పంచే వేళకి అక్క చంటిపిల్లల్ని ఆడించే నెపంతో బయటికి వెళ్ళిపోయేది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కూడా వెళ్ళేది. వాడు చూస్తూనే ఉన్నాడు. అడగలేదు.

వెల్డరు దంపతులు జవాబు లేకుండానే వెళ్ళిపోయారు. గుమ్మం దాటుతూ ఆ పిల్ల వాడి చంకలోని కట్ట చూసి, "మాకో కొత్తది ఇవ్వు తమ్ముడూ, కాన్పయ్యాక ఈసారైనా సరిగ్గా పెట్టుకుంటా," అంది. వాడికి తల కొట్టేసినట్టయింది.

కాసేపటికి అక్క షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుంది. ఇంకెవరిదైనా నిజం పటం తెచ్చి గుట్టుగా మార్చేద్దామని వాడు గొణిగాడు.

"ఇప్పటికే జంటల ఇళ్ళల్లో గోడల మీద ఉన్నవో? అవి ఎవడు మారుస్తాడు?" అంది అక్క. "చర్చి తప్పు చెప్పలేదురా. నేను చెయ్యలేనిది చేసినట్టు గీశాను. అదీ నేను చేసింది."

వాడు కొత్త పటాల కట్టని బల్ల కిందికి తోసేశాడు.

అప్పుడు తను గీసిన మొదటి పటం తీసి అక్క కౌంటరు గాజు మీద పరిచింది. కింద ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి చూపించింది. ఈ గీత ఉత్తుత్తిదని, ఆ నెలల్లో తను మాత్రలు వేసుకునేదని, అక్కడ పెద్దక్షరాల్లో వేసి, కింద తన పేరు పెట్టమంది. ముందు వెల్డరు ఇంటికెళ్ళి చెబుతుందట. రేపు తరగతిలో అందరికీ పంచి, తనే చదువుతుందట.

"నువ్వూ రా," అంది. "నా గొంతు పూడుకుపోతే మిగతాది నువ్వు చదువు. మాత్రలు తెచ్చిందెవరో కూడా చదువు."