ఘని కుడికాలి దస్తూరి

పొద్దున ఏడింటికి పుంగనూరు బస్టాండు పక్క టీకొట్టు బెంచీ మీద కూర్చుని, కుడికాలి చెప్పు విడిచి, బొటనవేలితో గాలిలో ‘అ’ రాస్తాడు ఘని. తర్వాత ‘ఆ’. అట్లా ‘ఱ’ దాకా. యాభై ఆరూ అయ్యేదాకా టీ ముట్టడు. ఈలోగా టీ చల్లారుతుంది. చల్లారిందని కొట్టు వెంకటలక్ష్మమ్మతో గొడవ పడతాడు. మనిషికున్న పిచ్చి ఇదొక్కటే. ఒకటే గదా అని ఊరుకోవడానికీ లేదు, ఎందుకంటే ఆయన ఎక్కడికి పోయినా కాలు వెంటే వస్తుంది.

ఘని బోర్డులు రాసే మనిషి. ముప్పై రెండేళ్లుగా మదనపల్లె నుంచి కుప్పం దాకా కొట్ల మీద, గోడల మీద, లారీల వెనక ఆయన దస్తూరే. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. తెలుగు అక్షరాన్ని మాత్రం పెళ్లికూతురిని చేసినట్టు చేస్తాడు. ఫ్లెక్సీలు వచ్చి సగం పని పోయింది. మిగిలిన సగం కుప్పంలో పోయింది.

అక్కడొక బట్టల కొట్టాయన మూడు భాషల్లో బోర్డు కావాలన్నాడు. ఘని తెలుగు రాశాడు, కన్నడం రాశాడు, తమిళం సగంలో ఉండగా నిచ్చెన జారింది. కుడి చీలమండ రెండు చోట్ల విరిగింది. మదనపల్లెలో ఆపరేషన్ చేసి ఒక ప్లేటు, ఏడు స్క్రూలు వేశారు. ఆ బోర్డు ఇప్పటికీ రెండున్నర భాషల్లోనే ఉంది. ఆ కొట్టుకు తమిళం వాళ్లు వాకిలి దాకా వచ్చి వెనక్కి పోతారని ఘని చెబుతాడు. నమ్మనక్కర్లేదు.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఎముక మూడు నెలల్లో అతుక్కుంది. కాలు మాత్రం ఇంకా మునుపటి కాలు కాలేదు. పొద్దున లేస్తే మొదటి పది అడుగులు వేరేవాళ్ల కాలితో వేసినట్టుంటుంది. సాయంత్రానికి బన్నులా ఉబ్బుతుంది. చెప్పు పట్టీ ఒక స్క్రూ తల మీదే ఒరుసుకుంటుంది. మసీదులో కుడి పాదం మడిచి కూర్చోవడం కుదరక వెనక కుర్చీల వరసలో చేరాడు. నిచ్చెన మానేశాడు. నేల మీద నిలబడితే చెయ్యి అందే బోర్డులే ఇప్పుడు ఆయన రాజ్యం. ఎవరైనా కాలెట్లుందని అడిగితే స్క్రూల వారీగా చెబుతాడు. “మూడో నంబరు మంచిదప్పా, దాని పని అది సూసుకుంటాది. నాలుగో నంబరుతోనే తంటా.”

తెలుగు అక్షరాల పిచ్చి మాత్రం మొన్న ఫిబ్రవరి ఆఖరు సోమవారం మొదలైంది. నేను కళ్లారా చూశాను.

మదనపల్లెలో ఫిజియోథెరపీ చేసే గౌతమ్ గదిలో ముగ్గురం కూర్చున్నాం. నేను నడుం నొప్పికి, ఘని కాలికి. మూడో మనిషి సదుం నుంచి వచ్చిన బుజ్జమ్మ. యాభై దాటినామె. ఒకప్పుడు టమోటా తోటల్లో కూలికి పోయేది, ఆరేళ్లుగా బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది. డిసెంబరులో సాంబారు గుండిగతో వంటగది మెట్టు మీద జారింది. గుండిగను జాగ్రత్తగా కింద పెట్టి తర్వాతే పడిందని ఊళ్లో చెప్పుకుంటారు. సాంబారు దక్కింది, చీలమండ విరిగింది. ఆమెకూ ప్లేటే.

“స్క్రూలు ఎన్నిమ్మా?” అన్నాడు ఘని.

“ఆరప్పా.”

“నాకు ఏడు,” అని ఛాతీ విరుచుకున్నాడు.

బుజ్జమ్మ దిగులంతా ఒక్క తేదీ మీదే. జూన్ పన్నెండున బడి తెరుస్తారు. హెడ్‌మిస్ట్రెస్ మాధవీలత అంతదాకా వేరే ఆమెతో నెట్టుకొస్తానంది. ఆ రోజుకు మాత్రం, రెండు గంటలు నిలబడి వండగలదని డాక్టరు కాగితం తేవాలి. తేకపోతే పని ఆ వేరే ఆమెదే. మళ్లీ కూలికి పోదామంటే ఈ కాలితో తోటలోకి ఎవరు పిలుస్తారు?

“కాలితో గాల్లో ఏ బీ సీ డీలు రాయమ్మా, జెడ్ దాకా,” అన్నాడు గౌతమ్. “చీలమండ అన్ని పక్కలకూ తిరుగుతుంది.”

బుజ్జమ్మ గోడకున్న చార్టు వంక చూసింది. కాలు రెండుసార్లు పైకీ కిందికీ ఆడించింది. “అయిపాయ సార్.”

“ఇరవై ఆరూనా?”

“అయిపాయ.”

“రెండు వారాల నించి ఇదే కథమ్మా. ఇట్లా బద్ధకిస్తే కాలు కొయ్య అయిపోతుంది. పెద్ద డాక్టరు కాగితం ఇచ్చేది నేను రాసేది చూసే. నేనేం రాయాల చెప్పు?”

బుజ్జమ్మ తల వంచుకుంది. అప్పుడు పక్క బెంచీ మీద నుంచి ఘని పేలాడు.

“ఏంది గౌతమ్ సార్ నీ ఏ బీ సీ డీ? అది కాలికి పనికొచ్చే బాసేనా? ఐ సూడు, నిలువు గీత. ఎల్ సూడు, రెండు గీతలు. గీతలు గీస్తే చీలమండ తిరుగుతాదా? ‘ఝ’ రాయి ఒకసారి! నట్టు నట్టుకూ పనే!”

“ఏదైనా ఒకటే ఘనీ సార్...”

“ఒకటి గాదు! నేను ఈ పొద్దు నించి తెలుగే రాస్తా. వచ్చినప్పుడల్లా రెండక్షరాలు, మంచిగా దిద్దుకుంటా. నా అద్దాలకు నా కాలు సరిగ్గా ఆనదు. ఏమ్మా బుజ్జమ్మా, నువ్వు సూసి నేనెట్లా రాస్తే నీ కాలితో అట్లే రాసి సూపీ. నా తప్పు నాకు తెలుస్తాది.”

“నాకేం కర్మప్పా?” అంది బుజ్జమ్మ.

“ఏడు స్క్రూలోడు అడగతాండాడు, ఆరు స్క్రూలామె వినాల. అంతే.”

ఆమె ఎదురుగా కూర్చుంది. ఘని ‘అ’ రాశాడు, ఆమె చూసి రాసింది. అద్దంలో బొమ్మలా ఎడమది కుడికి, కుడిది ఎడమకు వచ్చింది. ఘని నెత్తి కొట్టుకుని ఆమె కుర్చీని లాగించి పక్కన వేయించాడు. అప్పటి నుంచి సోమ, గురువారాలు గౌతమ్ గదిలో రెండు కాళ్లు జంటగా గాలిలో దిద్దుకునేవి. మేం చూసి నవ్వుకునేవాళ్లం.

ఘని పాఠంలో అమ్మ, ఆవు ఉండవు. ఆయన ప్రపంచమంతా బోర్డులే. “క. కటింగ్ షాపు, మన బస్టాండు ముందర, నేనే రాసినా. ట. టమోటా మండీ గేటు, అదీ నాదే. ప. పలమనేరు, మైలురాయి మీద, తెల్ల పెయింటు నల్ల అంచు.” ‘ఱ’ దగ్గర మాత్రం ఆగిపోయాడు. “ముప్పై రెండేండ్లలో ‘ఱ’ పెట్టుకొని కొట్టు తెరిచినోడు ఒక్కడు రాలేదమ్మా. ఊరికే రాయి, వ్యాయామం.”

పుంగనూరు దాకా ఇద్దరిదీ ఒకటే బస్సు. బస్సులో కూడా వదిలేవాడు కాదు. కండక్టర్ సుదర్శన్ నడవలో కాలు తట్టుకుని రెండుసార్లు పడబోయాడు. “ఘనీ అన్నా, నీ కాలికి వేరే టికెట్ కొడతా,” అన్నాడు. బుజ్జమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చునేది. “ఈ సాయిబన్న బోర్డుల గోల పడలేక సస్తాండా,” అని నాతో మొర పెట్టుకుంది. ఆయన నోరు మూయించడానికి తనే ముందు బయటికి చూపించడం మొదలుపెట్టింది. “అదో నీ క. అదో నీ ప. ఇంక గమ్మునుండు.”

ఊళ్లో మొదటి అభ్యంతరం వెంకటలక్ష్మమ్మది. “సాయిబూ, అక్షరాలను కాలితో రాస్తాండావే! సరస్వతికి ఎంత అపచారం!”

“గాల్లో గదమ్మా రాస్తాండాను. గాల్లో సరస్వతి యాడుండాది?”

“లేకుంటే నువ్వు రాసేది అక్షరం ఎట్లయితాది?”

ఘని తన బొటనవేలి వంక చూసుకున్నాడు. ఆ రోజు నుంచి ప్రతి అక్షరం కాగానే వంగి బొటనవేలిని తాకి కళ్లకద్దుకుంటాడు. యాభై ఆరు అక్షరాలకు యాభై ఆరు వంగడాలు. నా నడుం నొప్పికి గౌతమ్ చెప్పిన వ్యాయామం కూడా అదే. నేను చేయలేదు, ఆయన చేశాడు.

మార్చిలో ఒక సన్మాన సభలో ఆయన పక్కన కూర్చోవాల్సి వచ్చింది. వక్త నలభై నిమిషాలు దాటించాడు. ఘని ముఖం భక్తిగా ఉంది. కాలు మాత్రం కదులుతోంది. చూస్తే ‘చాలు’ అని రాస్తోంది. అవతల ఉన్న సుదర్శన్ కూడా చదివినట్టున్నాడు, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. వక్త ఇంకో పది నిమిషాలు లాగాడు. కాలు ఈసారి పెద్దక్షరాల్లో ‘ఇంక చాలు’ అని రాసి కింద గీత కూడా గీసింది.

ఏప్రిల్‌లో మేనకోడలు మెహ్‌నాజ్‌ను చూసుకోవడానికి మగపెళ్లివాళ్లు వచ్చారు. ఘని కాలు ‘ఢ’ దగ్గరుంది. అబ్బాయి తల్లి కాసేపు చూసి, పిల్ల మేనమామకు నరాల జబ్బేమైనా ఉందా అని గుసగుసగా అడిగింది. ఘని భార్య రహీమున్నీసా నిదానంగా చెప్పింది. “నరాలు బాగుండాయమ్మా. అక్షరాలే ఎక్కువైనాయి.” అబ్బాయి తండ్రి తెలుగు పంతులుగా రిటైరైనాయన. ముందుకు వంగి ఆ కాలినే చూస్తూ, “ఒత్తు సరిగ్గా పడలేదు, మళ్లీ రాయండి,” అన్నాడు. సంబంధం కుదిరింది.

మేలో బుజ్జమ్మ ‘ల’ దాకా వచ్చింది. తారీకు దగ్గర పడేకొద్దీ ఆమె సణగడం తగ్గింది, కాలు తిరగడం పెరిగింది. జూన్ మొదటి వారంలో గౌతమ్ కొలిచాడు, నిలబెట్టి చూశాడు, మెట్టు ఎక్కించి దించాడు. తర్వాత రాయాల్సింది రాశాడు. పెద్ద డాక్టరు సంతకం పెట్టాడు. బుజ్జమ్మ కాగితాన్ని మడిచి చీర కొంగులో ముడేసుకుంది. మళ్లీ విప్పి చూసుకుంది, మళ్లీ ముడేసింది. పోయే ముందు కుర్చీలో కూర్చుని కాలెత్తి గాలిలో మూడక్షరాలు రాసింది. మ. మ. త. అది ఆమె మనవరాలి పేరు. ఘని కిటికీ బయట ఏదో బోర్డు చూస్తున్నట్టు నటించాడు.

వాళ్లిద్దరూ వెళ్లాక గౌతమ్‌ను అడిగాను, తెలుగు అక్షరాలతో చీలమండ వైద్యం అని పేపర్లో ఒక కథనం రాయనా అని. గౌతమ్ నవ్వాడు.

“ఏ బీ సీ డీ అయినా ఒకటే సార్. కాలు తిరిగితే సరి.”

“మరి ఘనికి బాగైంది కదా?”

“ఎక్కడ? ఆయన వ్యాయామం నవంబరులోనే అయిపోయింది. పన్నెండు డిగ్రీలకు మించి వంగదు, ప్లేటు తీసినా పెద్దగా మారదు, ఇంక రావద్దని చెప్పేసినా. ఫిబ్రవరిలో ఆ పొద్దు ఆయన వచ్చింది చెప్పు పట్టీ ఒరుసుకుంటోందని అడగడానికి. ఆ తర్వాత ఇరవై ఎనిమిది సార్లు వచ్చినాడు. ఎందుకో నాకూ చాన్నాళ్లు అర్థం కాలేదు. తెలిసినాక, ఆయమ్మను బద్ధకం అని తిట్టినందుకు నాకే సిగ్గేసింది.”

మర్నాడు టీకొట్టు దగ్గర ఘనిని పట్టుకున్నాను. “ఆమెకు చదువు రాదని నీకెట్లా తెలుసు?”

‘ఉ’ మధ్యలో కాలు ఆగింది.

“ముప్పై రెండేండ్లు బోర్డులు రాసినోన్ని. బోర్డు సదివే కండ్లు ఒక మాదిరి ఉంటాయి, బోర్డును సూసే కండ్లు ఒక మాదిరి ఉంటాయి. ఆయమ్మ గోడ మీద చార్టును గోడను సూసినట్టు సూసింది.”

“అప్పుడే గౌతమ్‌తో చెప్పుంటే సరిపోయేది కదా?”

“యాల సెప్పేది? నలుగురు ఉండారు ఆడ. నీలాంటి పేపరోడు కూడా ఉండాడు. సెప్తే ఆయమ్మ మళ్లా వస్తాదా? కాలు పోతాది, పని పోతాది. నాకు తిక్క అనుకుంటే ఏం పోతాది? ముందే అనుకుంటాండారు.” అని మళ్లీ ‘ఉ’ మొదటి నుంచి అందుకున్నాడు. “పేపర్లో గీపర్లో వేస్తే నీ మీద కాలితో రాస్తా, సూసుకో.”

పేపర్లో వేయలేదు.

జూన్ పన్నెండున బుజ్జమ్మ పొయ్యి ముందర నిలబడింది. ఆ వారంలోనే మాధవీలత, వంటగది గోడ మీద వారం మెనూ రాయమని ఘనిని పిలిపించింది. ఆయన కుర్చీలో కూర్చుని రాయడంతో మెనూ ఒకటో తరగతి పిల్లల కళ్లకు సరిగ్గా అందే ఎత్తులో పడింది. అందరూ మెచ్చుకున్నారు. బుజ్జమ్మ గరిటె పట్టుకుని వచ్చి గోడ ముందు నిలబడింది. గుణింతాలు ఆమెకు ఇంకా రావు. వరస వరసకూ మొదటి అక్షరం మీద గరిటె పెట్టుకుంటూ పోయింది.

“స... మ... బ... గ... శ...” గరిటె ఆగింది. “సాయిబన్నా, శ ఒకటే ఉండాది. రెండుండాల గదా?”

“సరిగ్గా సూడమ్మా.”

“నేను సరిగ్గానే సూసినా. నువ్వే సరిగ్గా రాయలా. శుక్రవారం యాడికి పాయ? ఆ పొద్దు పిలకాయలు పస్తుండాల్నా?”

ఘని అద్దాలు తుడుచుకుని చూశాడు. గురువారం తర్వాత నేరుగా శనివారం ఉంది. ముప్పై రెండేళ్లలో ఆయన బోర్డులో తప్పు పట్టిన మొదటి మనిషి బుజ్జమ్మే. ఈ సంగతి తెలిసి రహీమున్నీసా, వారం వారం జుమ్మా నమాజుకు పోయే మనిషి శుక్రవారాన్నే మింగాడని ఊరంతా చెప్పింది. ఆ గోడ ముందు మాత్రం ఘని కుడికాలు గాలిలో ఒక చిన్న మాట రాసింది. నేను చదివాను, ఇక్కడ అచ్చు వేయలేను. బుజ్జమ్మ కూడా చదివిందో ఏమో, గరిటె ఎత్తింది.

పోయిన నెల గౌతమ్ ఇద్దరినీ మళ్లీ కొలిచాడు. బుజ్జమ్మ చీలమండ పదహారు డిగ్రీలు వంగుతోంది. ఘనిది పన్నెండు.