నొప్పి చూపెట్టమన్న వకీలమ్మ

హనుమకొండలో ముగ్గురు వకీళ్లు కలిసి నడిపే ఆఫీసుకు నలభై మెట్లెక్కాలి. సరే, పద్నాలుగే. ఒకాయన వెనకట సర్వేయరు, ఇంకొకాయన బడిపంతులు. నా కేసు చూసిన వకీలమ్మ పన్నెండేళ్లు దవాఖానలో నర్సుగా చేసి, ఆ తర్వాత నల్లకోటు తొడుక్కుంది. ఆమె కోర్టులో నోరు విప్పితే ఫ్యాన్లు కూడా ఆగి వింటాయంటారు. అన్నది నేనే.

కొత్తవాడలో మా తమ్ముడు మా ఇద్దరి ఇళ్ల నడుమ గోడ పెట్టిండు. నా జాగలోకి ఆరడుగులు వచ్చిండనీ, అడిగితే కొట్టవచ్చిండనీ ఆమెకు చెప్పిన. ఆమె పెన్ను మూత కూడా తియ్యలేదు. వచ్చినవాళ్లందరినీ అడిగే మాటే నన్నూ అడిగింది.

"తాతా, నొప్పి ఎక్కడ? ఒక్క వేలుతో చూపెట్టు."

నేను తెచ్చిన మా అన్నదమ్ముల భాగాల కాగితం నా ముందుకు జరిపింది. నా వేలు హద్దు గీత దాకా పోలేదు. కింద తమ్ముని సంతకం మీద ఆగిపోయింది.

"గోడ జానెడే వచ్చింది బిడ్డా. వాడు కొట్టనూ రాలేదు. రెండేండ్ల సంది నాతోని మాట్లాడతలేడు."

ఏ ఎక్స్‌రే నాలో అంత లోపలికి చూడలేదు.

"నీ తమ్ముని ఫోను నంబరుందా?"

"ఎప్పుడో మరిచిపోయిన."

ఆమె ఫోను తీసి, అంకెలు కొట్టేందుకు వేలు పైకెత్తింది. పది అంకెలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసిన.