పడుకున్న ఎనిమిది

మా బాబాయి కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేవాడు. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా? ముందుది బాగుందా?" అని అడగడం ఆయన ఉద్యోగం. ఆ ప్రశ్న నోటికి అలవాటైపోయి ఇంటికొచ్చినా వదిలేది కాదు. టీ రెండో గుక్క తాగి "ముందుదే బాగుంది" అనేవాడు. పిన్ని కిటికీకి కర్టెన్లు మారిస్తే తల అటూ ఇటూ వంచి తీర్పు చెప్పేవాడు.

"నన్ను కూడా ఓసారి మార్చి చూడండి, ఏది బాగుందో తేలిపోతుంది" అని పిన్ని విసుక్కునేది.

"నీ నంబరు నాకెప్పుడో కుదిరిపోయిందోయ్. ఇంక మార్చేది లేదు" అనేవాడు బాబాయి.

వాళ్ళది కింది వాటా, నాది పై వాటా. పిల్లలు లేకపోవడంతో వాళ్ళ ముద్దూ మురిపెం, పోరూ నసా అన్నీ నాకే దక్కేవి. ఆఫీసుకు దిగి వెళ్తుంటే మెట్ల దగ్గర నన్ను ఆపి, నా కళ్ళజోడు లాక్కుని జేబులోని మెత్తటి గుడ్డతో తుడిచి ఇచ్చేవాడు. అద్దం మీద గీత పడితే ఆయన ప్రాణం విలవిల్లాడేది. బస్సులో ముక్కూ మొహం తెలియని మనిషి చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నా ఊరుకునేవాడు కాదు. ఆయన పక్క సీట్లో కూర్చోవాలంటే నాకు సిగ్గేసేది.

ఒకరోజు షాపుకు ఒక పెద్దావిడ కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి వచ్చి, "మావారి పాత కెమెరా ఒకటుంది, కొనేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగిందట. బాబాయికి చిన్నప్పటి నుంచీ అలాంటి కెమెరా అంటే పిచ్చి. ఒంటరిగా వెళ్తే మొహమాటపడి పాడైనదైనా పట్టుకొచ్చేస్తాడని పిన్ని నన్ను తోడు పంపింది.

ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తోంది. సామానంతా అట్టపెట్టెల్లోకి ఎక్కేసింది. మఫ్లరులో చుట్టిన కెమెరా తెచ్చి బాబాయి చేతిలో పెట్టింది.

"పనిచేస్తుందాండీ?" అన్నాను నేను.

"భేషుగ్గా చేస్తుందమ్మా. ఆయన ఎప్పుడూ నన్నే తీసేవారు. చివర్లో మానేశారు. ఇటు చూసి ఒక్కటి తియ్యండి అంటే, దాన్ని పక్కన పెట్టేసి నా మొహం వంకే చూస్తూ కూర్చునేవారు."

"ఎందుకని?"

"అడిగితే చెబితేగా. ఆ తర్వాత ఎన్నాళ్ళో లేరులే."

బాబాయికి ఇవేవీ వినబడలేదు. లెన్సును వెలుతురుకు పెట్టి చూసుకుంటూ "ఒక్క గీత లేదే!" అని మురిసిపోతున్నాడు. బేరం కూడా ఆడకుండా కొనేశాడు.

ఇంటికొచ్చాక నన్ను కూర్చోబెట్టి దాని మర్మమంతా చెప్పాడు. ఈ రకం కెమెరాలో మనం లెన్సులోంచి చూడం. పైన పక్కగా ఒక చిన్న కిటికీ ఉంటుంది, కన్ను అక్కడ పెట్టాలి. ఆ కిటికీ నడుమ పసుప్పచ్చటి చదరం ఒకటి ఉంటుంది. అందులో ప్రతిదీ రెండుగా కనిపిస్తుంది. ఒకటి అసలుది, రెండోది వెలిసిపోయినట్టుండి కాస్త పక్కకు జరిగి ఉంటుంది. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పుతుంటే ఆ వెలిసిన బొమ్మ మెల్లగా జరుగుతూ వచ్చి అసలుదాని మీద కూర్చుంటుంది. రెండూ ఒకటైతే దూరం కుదిరినట్టు. ఆ దూరం ఎంతో రింగు మీద రాసి ఉంటుంది. అంకెలన్నీ అయిపోయాక చివర్న అడ్డంగా పడుకున్న ఎనిమిది.

"అదేంటి బాబాయ్?"

"అంతులేని దూరం. రింగు అక్కడుంటే కొండలూ మబ్బులూ కడిగినట్టు పడతాయి. ఎదురుగా కూర్చున్న మనిషి మాత్రం అలుక్కుపోతాడు."

ఆ ఆదివారం పొద్దున పిన్ని టేబులు అవతల కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. బాబాయి కన్ను మూసి, కన్ను తెరిచి, రింగు అటూ ఇటూ తిప్పి, చివరికి నన్ను కేకేశాడు.

"ఇలా చూడు. కుర్చీ కలిసింది. కుర్చీలో ఉన్న మీ పిన్ని కలవట్లేదు."

నేను చూశాను. కుర్చీ, పిన్ని, బఠాణీల గిన్నె అన్నీ చక్కగా ఒకటయ్యాయి. ఆ మాటే చెప్పాను.

"నాకు రింగు ఇంకా తిప్పితే గానీ కలవట్లేదే. కుర్చీలో కూర్చున్న మనిషి కుర్చీ కంటే దూరంగా ఎలా ఉంటుంది?"

"కళ్ళజోళ్ళ షాపులో ఉంటూ కళ్ళు చూపించుకోలేదా బాబాయ్?" అని నవ్వేశాను. మర్నాడే చూపించుకున్నాడు. కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి.

అప్పటి నుంచీ అదే పని. గోడ చూశాడు, బీరువా చూశాడు, తలుపు గొళ్ళెం చూశాడు. అన్నీ ఉన్న దూరంలోనే కలిశాయి. పిన్ని ఒక్కతే కలవలేదు. పైగా రోజురోజుకీ జరిగిపోతోంది. పిన్ని ఎదురుగా కూర్చుని తల దువ్వుకుంటూ ఉంటుంది. ఆ వెలిసిన పిన్ని మాత్రం మొదట వంటింటి గుమ్మం అంత దూరంలో కలిసిందట, తర్వాత వీధి గేటు అంత దూరంలో, ఆ తర్వాత వీధి చివర.

"మీ పిన్ని వెళ్ళిపోతోందే" అన్నాడు ఒకరోజు మెట్ల మీద కూర్చుని. "ఆవిడ లేకుండా నేనుండలేను. నా వల్ల కాదు."

నాకు జాలేసింది, ఒళ్ళూ మండింది. "నావైపు తిప్పి చూడు. నేనూ అలాగే కనిపిస్తే తప్పు కెమెరాదని తేలిపోతుంది" అన్నాను. నేను పట్టి లాగినా ఆయన కెమెరా పైకెత్తలేదు.

"వద్దమ్మా. నువ్వు కూడా దూరంగా కనిపిస్తే నేనేమైపోవాలి?"

ఇక ఆ మొండితనం ముందు ఎవరేం చేస్తారు? మనిషిని ఆపలేకపోయినా బొమ్మయినా మిగుల్చుకుందామని రోజుకొకటి చొప్పున పిన్నిని తియ్యడం మొదలుపెట్టాడు. షాపుకు సెలవు పెట్టి, ఆవిడ కూరగాయలకు వెళ్తే వెనకాలే సంచి పట్టుకుని వెళ్ళేవాడు. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి వదిలేవాడు కాదు.

"ఈయనకేం పట్టిందే? పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత చోద్యం లేదు" అని పిన్ని నాతో అంది. లోలోపల మురిసిపోతోందని మొహమే చెప్పింది.

డాక్టరు దగ్గరికి కూడా లాక్కెళ్ళాడు. రక్తం, గుండె, ఊపిరితిత్తులు అన్నీ చూడమన్నాడు. డాక్టరు కాగితాలు తిరగేసి, "ఆవిడకేం లేదు. మీ మొహమే వాడిపోయింది. మీరూ ఓసారి చూపించుకోండి" అన్నాడట.

"నాకేంటండీ, గుండ్రాయిలా ఉన్నాను" అని వచ్చేశాడు బాబాయి. ఆ రోజు నా వాటాకు ఎక్కుతూ సగం మెట్ల మీద ఆగి రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. దిగులుతో అలిసిపోయాడనుకున్నాను.

తర్వాత ఒక పొద్దున నా తలుపు తట్టాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. చేతిలో కెమెరా ఉంది.

"పడుకున్న ఎనిమిది దగ్గరికి వచ్చేసింది. రింగు ఇంక తిరగదు."

ఆయన చెయ్యి పట్టుకుంటే మంచులా తగిలింది. నాకు నిజంగానే భయమేసి పరుగున కిందికి దిగాను. పిన్ని దుప్పట్లు ఇస్త్రీ చేసుకుంటూ కూనిరాగం తీస్తోంది. గుండ్రాయిలా ఉంది. ఆ క్షణాన వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "ఆ దిక్కుమాలిన కెమెరా తీసుకెళ్ళి ఆ పెద్దావిడకే ఇచ్చేసి రా బాబాయ్!" అని అరిచాను.

పిన్ని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కెమెరా లాక్కుంది. "రోజూ నన్నేనా? ఇవాళ మిమ్మల్ని నేను తీస్తాను. కూర్చోండి." బాబాయి బుద్ధిగా వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. పిన్ని మాకు వీపు తిప్పి కెమెరాతో ఏదో కుస్తీ పట్టింది. తిరిగి ఎత్తి టక్కున నొక్కి, మళ్ళీ వీపు తిప్పి, నాకేసి కన్నుగీటి ఆయన చేతికిచ్చేసింది. నేను ఆఫీసుకు వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం ఫోను వచ్చింది. బాబాయి అదే కుర్చీలో, పిన్ని టీ పట్టుకుని వచ్చేలోగా, పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, పిన్ని ఫొటోలు పిన్నికే ఇద్దామని ఆ రీలు కడిగించడానికి ఇచ్చాను. స్టూడియో ఆయన ఒక్కటంటే ఒక్క ఫొటో నా చేతిలో పెట్టాడు.

"మిగతా రీలంతా ఖాళీయండీ. లెన్సు మూత తియ్యకుండా తీసినట్టున్నారు. ఈ రకం కెమెరాలో కిటికీలోంచి అన్నీ మామూలుగానే కనిపిస్తాయి కాబట్టి మూత ఉన్నట్టే తెలీదు. ఇవి వాడేవాళ్ళందరూ ఎప్పుడో ఒకసారి చేసే పొరపాటే."

అద్దం మీద గీత పడుతుందని ఆయన మూత తియ్యకుండానే ఉంచేశాడు. మిగుల్చుకుందామనుకున్న పిన్ని ఒక్కదాంట్లోనూ లేదు.

పిన్నికి చెబితే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "మూత ఉందని నేను ఆ పొద్దున చూశానే. గుట్టుగా తీసి, నొక్కి, మళ్ళీ పెట్టేశాను. సాయంత్రం చెప్పి ఏడిపిద్దామనుకున్నాను."

"రింగు తిప్పావా పిన్నీ?"

"ఆ రింగు సంగతి నాకేం తెలుసు? అది ఎక్కడుందో అక్కడే ఉంది."

నేను ఫొటో మళ్ళీ చూశాను. బాబాయి వదిలిన చోటే రింగు ఉంది. టేబులు మసకగా పడింది, ఇస్త్రీ దుప్పట్లు మసకగా పడ్డాయి. ఆయన చెయ్యి ఆనించిన కుర్చీ చెయ్యి కూడా అలుక్కుపోయింది. కిటికీలోంచి ఎక్కడో దూరాన ఉన్న నీళ్ళ ట్యాంకు, దాని నిచ్చెన మెట్లతో సహా, కడిగినట్టుంది. బాబాయి కూడా అలాగే ఉన్నాడు. కనుబొమల్లో తెల్ల వెంట్రుకలు, చొక్కా గుండీ దారం, భయం నిండిన కళ్ళు, అన్నీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి.

ఆ దూరం ఇద్దరు మనుషుల మధ్యది, గోడలకూ కుర్చీలకూ దానితో పనిలేదు. ఏ వైపువాళ్ళు జరిగినా రింగు మీద చూపించేది ఒకటే. పాపం, అన్నేళ్ళు అద్దాలతో బతికిన మనిషి, జరుగుతున్నది తనేనేమో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. నావైపు తిప్పి ఉంటే తెలిసిపోయేది.

పిన్ని ఫొటో తీసుకుని ఆయన మొహం మీద వేలితో నిమిరింది.

"ఎంత బాగా వచ్చారో చూడు. కుర్చీ ఎందుకే అలా అలుక్కుపోయింది?"

"నీ చెయ్యి కదిలుంటుంది పిన్నీ."

"నా చెయ్యి కదిలితే ఆయనా కదలాలిగా" అంది పిన్ని. ఫొటో ఒళ్ళో పెట్టుకుని, తలెత్తి, కిటికీలోంచి ఆ నీళ్ళ ట్యాంకు వైపు చూస్తూ కూర్చుంది.