యేసురత్నం ఇంటి అచ్చ తెలుగు

బెంగాలీవాళ్ల రేవు గార్డెన్ రీచ్‌లో ఓడల మరమ్మతు పని చేసే యేసురత్నానికి రెండే భయాలు. ఒకటి, నెత్తిమీద క్రేను తాడు తెగడం. రెండు, ఇంట్లో కూతురి నోట బెంగాలీ ముక్క దొర్లడం. మొదటిదానికి కంపెనీవాళ్లు టోపీ ఇచ్చారు. రెండోదానికి ఆయనే చట్టం చేశాడు: గడప లోపల తెలుగే. తొమ్మిదేళ్ల జెరూషా వీధిలో బెంగాలీ, పంపు దగ్గర హిందీ గలగలా మాట్లాడి, ఇంటికొచ్చి మూగదైపోయేది. తండ్రి డ్యూటీకి వెళ్లాక తల్లి విజయ కుమారి దగ్గర మాత్రం తెలుగులో నోరు విప్పేది.

"మా ఇంట్లో అచ్చ తెలుగేనండి," అని యేసురత్నం చర్చి అంతా చాటాడు. అక్కడ పిల్లలకు తెలుగు నేర్పే పెద్దరికం మీద మూడేళ్లుగా ఆయనకు కన్ను. 1986 క్రిస్మస్ ముందు, ఆ పెద్దను ఎంపిక చేయడానికి విశాఖ నుంచి జ్ఞానానందం పాస్టరుగారు వస్తున్నారనగానే, స్వాగతం చెప్పేది మా జెరూషాయేనని మాటిచ్చేశాడు.

ఒకటే చిక్కు. పిల్లకు తెలుగు అక్షరాలు రావు. నేర్పుదామంటే తండ్రికీ రావు, భార్యను అడగడానికి నామోషీ. ఆయన పాటల పుస్తకం చూడకుండా పాడేది భక్తి ఎక్కువై కాదు.

"నేను సెప్తాను, నువ్వు రాసుకోయే," అన్నాడు. జెరూషా బెంగాలీ అక్షరాల్లో రాసుకుంది.

"అదేటి, ఆ రాత?" అంది భీమిలి బడిలో చదువుకున్న విజయ కుమారి.

"రాతేదైతే ఏటి? మాట తెలుగే కదేటి!"

బెంగాలీలో "వ"కు వేరే అక్షరం లేదు, "బ"తోనే సరిపెట్టుకుంటారు. పైగా "అ" అనాల్సినచోట నోరు గుండ్రంగా చుట్టి "ఒ" అంటారు. ఇది యేసురత్నానికి తెలియక కాదు, తట్టలేదు.

ఆదివారం జెరూషా నిండు చర్చిని చూసి బెదిరిపోయి, కాగితంలో తల దూర్చి, ఉన్నది ఉన్నట్టు చదివేసింది.

"బిశాఖ నుంచి బొచ్చిన ఒయ్యగారికి మా బొందనాలు!"

"ఎవరి బొందమ్మా?" అన్నాడు వెనక బెంచీ నుంచి బంగారయ్య. చర్చి గొల్లుమంది. జెరూషా కళ్లనిండా నీళ్లు. పాస్టరుగారికి నవ్వు ఆపుకోబోయి పొలమారింది.

చేజారుతున్న పెద్దరికాన్ని పట్టుకోవడానికి యేసురత్నం గ్లాసుతో పరుగెత్తాడు. "అయ్యగారూ, కూసిన్ని నీళ్లు తినండి!"

ఎవరూ నవ్వలేదు. బెంగాలీవాళ్లు అన్నమూ తింటారు, నీళ్లూ తింటారు, సిగరెట్టూ తింటారు. వాళ్ల మధ్య పుట్టి పెరిగిన ఆ జనానికి అందులో తప్పేమీ వినపడలేదు.

"నీళ్లు తాగుతారు నాన్నా," అంది జెరూషా ముక్కు చీదుతూ.

పాస్టరుగారు గ్లాసు దించి, "ఎవరు నేర్పారమ్మా?" అన్నారు.

"అమ్మ."

మరుసటి ఆదివారం నుంచి, ఆ పెద్దరికం దక్కిన విజయ కుమారి పాఠం మొదలుపెట్టింది. అయ్యగారి ఆజ్ఞ ప్రకారం ముందు బెంచీలో జెరూషా, పిల్ల పక్కనే మోకాళ్లు ఇరికించుకుని యేసురత్నం. ఆయన పలక మీద ముప్పైసార్లు దిద్దాల్సిన అక్షరం "వ".

"నాన్నా, కొమ్ము పెట్టేశారు. అది 'మ' అయిపోయింది," అంది జెరూషా, గడప బయట కూడా తెలుగులోనే.