సాయవ్వ విడవని చెప్పు

2022 జనవరి. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్‌గా నా చివరి సంవత్సరం. అప్పటికి ముప్పై ఏళ్లుగా, ఆ రోజు కంటబడిన సంగతి ఒక్కటైనా డైరీలో రాయడం నాకు అలవాటు. ఆ అలవాటు వల్లే ఒక తప్పు బయటపడింది. తప్పు నాదే.

సాయవ్వది బోధన్ దగ్గర పల్లె. యాభై ఐదేళ్లుంటాయి. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, కీమోథెరపీ సగంలో ఉంది. కూతురు రజిత వెంట వచ్చింది. డాక్టరు రెండు పరీక్షలు రాశారు. మొదటిది సీఈఏ. పేగు క్యాన్సర్ మళ్లీ వస్తోందేమో గమనించడానికి ఎప్పటినుంచో చేస్తున్నదే. రెండోది ఐఎల్-6, అంటే ఇంటర్‌ల్యూకిన్-6. మన ఒంట్లోని రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రోటీన్లలో ఇదొకటి. కరోనా రోజుల్లో ఈ పరీక్ష మా ల్యాబ్‌కు వచ్చింది. పేగు క్యాన్సర్ ముదిరినవారిలో ఇది పెరిగి కనిపిస్తుంది కాబట్టి కొందరు డాక్టర్లు దీన్నీ చూస్తారు.

రక్తం తీసే ముందు అడిగాను. "ఇంకేమన్నా రోగాలున్నయా అమ్మా? జ్వరం, ఇన్‌ఫెక్షన్?"

"గీ కడుపుది సాలదా సారూ? ఇంకోటి గూడ గావాల్నా?" అని నవ్వింది.

నేనూ నవ్వి, ఫారంలో 'ఏమీ లేవు' అని రాశాను.

సీఈఏ మామూలుగా వచ్చింది. ఐఎల్-6 మాత్రం ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు. కంట్రోల్, అంటే విలువ ముందే తెలిసిన నమూనా, నడిపి చూశాను. మెషీన్‌లో లోపం లేదు. రిపోర్టు ఇచ్చేశాను.

మూడో రోజు రజిత ఒక్కతే వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"సారూ, ఫోన్ల సూసినం. గిది ఎక్కువుంటె క్యాన్సర్ ముదిరినట్టేనట. మా అవ్వ ఇగ కీమో సెలైన్లకు రానంటుంది. 'అది మల్లొచ్చినంక నన్నెందుకు సతాయిస్తరు' అని మొండికేసింది. ఎల్లుండే డేట్ ఉన్నది. డాక్టర్ మొఖం గూడ సూడదట."

రిపోర్టుకు అర్థం చెప్పడం డాక్టరు పని. శాంపిల్ తీసిన రోజు మనిషి ఎలా ఉందో రాసిపెట్టడం నా పని. సంచీలోంచి డైరీ తీసి ఆ రోజు పేజీ చూశాను. 'సాయవ్వను చెప్పులు బయట విడవమంటే కుడికాలిది ఒక్కటే విడిచింది. అటెండర్ గొణిగాడు' అని ఉంది. వింతగా ఉందని రాసుకున్నానే తప్ప, ఎందుకని అడగలేదు.

"మీ అవ్వ ఎడమ కాలికేమైంది?"

"కాలికా? ఏం గాలే సారూ."

"రేపు ఇక్కడికే తీసుకొని రా. రక్తం మళ్లీ చూడాలన్నానని చెప్పు."

మరునాడు సాయవ్వ వచ్చింది. ఈసారీ ఒక్కటే విడిచింది.

"అది కూడా విడువమ్మా."

"కాలు మంచిగ లేదు సారూ, బండలు ఖరాబైతయి."

"అయితే కానియ్యమ్మా, కడుగుతం."

చీర అంచు కింద దాచిన పాదానికి గుడ్డ చుట్టి ఉంది. గుడ్డంతా పసుపు. విప్పితే అరికాలు వాచి, చీము పట్టి ఉంది.

"గిదెప్పుడయిందే అవ్వా!" రజిత గొంతు లేచింది.

"పది దినాలాయె. సెరుకు కొట్టేటోళ్లకు సద్ది తీస్కపోయిన. మోడు గుచ్చుకున్నది. పసుపు వెట్టిన."

"సేన్లకు పోవద్దని డాక్టర్ జెప్పలే?"

"నువ్వు గిట్ల మొత్తుకుంటవనే సెప్పలే."

"నేనడిగితే ఏం లేదన్నవు గదమ్మా?" అన్నాను.

"నువ్వు రోగమడిగినవ్ సారూ. గిది దెబ్బ. పసుపు వెట్టినంక ఇగ సెప్పేదేముంటది?"

డాక్టరుకు ఫోన్ చేసి, నేను ఫారంలో రాసిన మాటతో సహా అంతా చెప్పాను. "వెంటనే పంపండి" అన్నారు. కీమో నడుస్తున్నవారికి చీము పట్టిన గాయం చిన్న సంగతి కాదు. క్యాన్సర్‌తో పని లేకుండా, అలాంటి గాయం ఒక్కటే ఐఎల్-6ను పెంచగలదు. సాయవ్వ కాదనకుండా వెళ్లింది. గాయం శుభ్రం చేసి, మందులిచ్చి, కీమో కొన్ని రోజులు వెనక్కి జరిపారు. పుండు మానాక మళ్లీ చూస్తే ఐఎల్-6 దాదాపు మామూలుకు దిగింది.

డాక్టరు ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పారట. అప్పుడు పెరిగింది కాబట్టి క్యాన్సర్ తిరిగొచ్చిందని కాదు. ఇప్పుడు తగ్గింది కాబట్టి ఇక రాదనీ కాదు. పరీక్షలు చేయించుకుంటూనే ఉండాలి.

"రమ్మన్నప్పుడల్లా వస్త. గని గీ పోరి లొల్లి తక్వ జెయ్యాలె" అందట సాయవ్వ. మిగిలిన కీమో అంతా పూర్తి చేసుకుంది.

ఐఎల్-6 ఒక కబురు. అది పేగు నుంచి వచ్చిందా, పాదం నుంచి వచ్చిందా అనేది మెషీన్ చెప్పదు. మనమే మనిషిని అడగాలి, అదీ ఆ మనిషికి తెలిసిన మాటల్లో. అచ్చు వేసిన ఫారం మార్చే అధికారం నాకు లేదు. అందుకని రిటైరయ్యే దాకా ప్రతి ఫారం అడుగున పెన్నుతో ఒక ప్రశ్న రాసి అడిగేవాణ్ణి: "ఒంటిమీద ఎక్కడన్నా పసుపు పెట్టుకున్నరా?"

రోగాలేమీ లేవని అప్పుడే చెప్పినవాళ్లు, ఈ మాటకు కొంగు తొలగించి మోచేయి చూపించేవారు.