తెల్ల ట్రౌట్‌ను వదిలిన చెయ్యి

చేపలు పట్టే సరదాతో వచ్చి ఫెస్టీ మల్కెరిన్ పడవ ఎక్కిన అతిథి గాలానికి చేప తగిలిందంటే ఆ అతిథి పని అంతటితో అయిపోయినట్టే. అది తెల్ల ట్రౌట్ అయితే మరీను. "చెయ్యి పెట్టకండి!" అని ఒక్క అరుపు అరిచేవాడు. డబ్లిన్ జడ్జి అయినా, లండన్ డాక్టరైనా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవలసిందే. ఫెస్టీ పడవ అంచున వంగి, ముందు తన కుడిచెయ్యి నీళ్లలో ముంచేవాడు. పొడి చెయ్యి తగిలితే చేప ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, ఆపైన అది బతకదు. తర్వాత నీళ్లలోనే గాలం తప్పించి, చేప తలను అలకు ఎదురుగా తిప్పి, దానికి ఊపిరి అందేదాకా మెల్లగా పట్టుకునేవాడు. తోక ఆడించగానే వేళ్లు విప్పేవాడు. "పో తల్లీ, ఇంటికి పో" అనేవాడు. పెళ్లాం మీద కూడా అంత మెత్తగా చెయ్యి వెయ్యడని తోటి పడవవాళ్లు ఏడిపించేవాళ్లు.

ఒకప్పుడు జూలై వచ్చిందంటే ఐర్లండ్ పడమటి తీరాన, కానెమారాలోని ఆ సరస్సు నిండా తెల్ల ట్రౌటే. సముద్రం నుంచి ఏరు పట్టుకుని ఎదురెక్కి వచ్చేవి. సాల్మన్ అతిథుల చేప, తెల్ల ట్రౌట్ ఇంటి చేప. ఓట్ పిండిలో దొర్లించి వెన్నలో వేయిస్తే ఆ వాసన రోడ్డు దాకా వచ్చేది. తర్వాత సముద్రంలో ఏమైందో ఏమో, ఎవరి వాదన వారిది, చేప రావడం తగ్గిపోయింది. దొరికిన తెల్ల ట్రౌట్‌ను దొరికినట్టే వదిలెయ్యాలని చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని అందరికంటే గట్టిగా తిట్టినవాడు ఫెస్టీ. పాటించడంలో అందరికంటే మొండివాడూ అతనే. అలా పాటిస్తూ పాటిస్తూనే ముసలివాడయ్యాడు.

ఆ వేసవిలో అతని భార్య డీలియా మంచం పట్టింది. ఆస్పత్రివాళ్లు చేయగలిగిందేదో చేసి, ఇక ఇంట్లోనే ఉండనివ్వండి అన్నారు. టీ తప్ప మరేదీ ఆమె గొంతు దిగడం లేదు.

"ఏమైనా తినాలనుందా?" అని అడిగాడు ఫెస్టీ.

"ఉంది. నువ్వు తేలేవులే."

"అడిగి చూడు."

"తెల్ల ట్రౌట్."

ఫెస్టీ కిటికీ వైపు తిరిగాడు.

"చూశావా, నోరు పడిపోయింది! పెళ్లికి ముందు మా అమ్మ కళ్లుగప్పి, ఆకుల్లో చుట్టి మా కిటికీలో పెట్టి పారిపోయేవాడివి. ఇప్పుడు పెళ్లాన్నయ్యాను కదా, నాకెందుకు పెడతావు?"

"అది కాదే పిచ్చిదానా, చట్టం..."

"చట్టం నన్నేం చేస్తుందయ్యా? నన్ను జైల్లో వేసేదాకా నేనుండొద్దూ?" అని నవ్వింది. ఆ నవ్వు చూడలేక ఫెస్టీ పొయ్యిలో నిప్పు ఎగదోయడానికి లేచాడు. తెస్తానని అక్కడి నుంచే మాటిచ్చాడు.

మర్నాడు రేవులో సరస్సు కాపలాదారు బార్ట్లీ ఎదురొచ్చాడు. బార్ట్లీ నోట్లో నువ్వుగింజ నానదు. డీలియాకు మందు ఇవ్వడానికి వచ్చే నర్సు అతని చెల్లెలే.

"పెద్దాయనా, ఈ వారమంతా నా కళ్లు బాగాలేవు. దీవి అవతల ఏం జరిగినా నాకు కనపడదు."

"కళ్లు కనపడని కాపలావాడికి జీతమెందుకిస్తున్నారో!"

"చెవులు పనిచేస్తున్నాయిగా. చేప పడకపోతే నువ్వు తిట్టే తిట్లన్నీ వింటూనే ఉంటా." అని, గొంతు తగ్గించి, "పిన్నిని అడిగానని చెప్పు" అన్నాడు.

మనుషులు అడ్డం తొలగారు కానీ ఎండ తొలగలేదు. ఎప్పుడూ వానలో నానే ఊళ్లో ఆ వారమంతా ఎండ విరగకాసింది. గాలీ మబ్బూ లేకపోతే తెల్ల ట్రౌట్ గాలానికి రాదు. సెలవులకు వచ్చినవాళ్లు ఒడ్డున పడుకుని మురిసిపోతుంటే, ఫెస్టీ అద్దంలా కదలకుండా ఉన్న నీళ్లను బండబూతులు తిట్టాడు. మధ్యలో ఒక సాల్మన్ పడింది. దాన్ని ఇంటికి తెచ్చి వండి పెడితే డీలియా వాసన చూసి గిన్నె పక్కకు నెట్టేసింది. "అతిథుల తిండి నాకెందుకు?" అంది. రోజురోజుకీ ఆమె గొంతు సన్నబడుతోంది. తను ఆలస్యం చేస్తున్నానని ఫెస్టీకి తెలుస్తూనే ఉంది.

చివరికి నైరుతి నుంచి గాలి మళ్లింది. మబ్బు కమ్మింది, తుంపర మొదలైంది. పడవలో రెండో మనిషి లేడు కాబట్టి, బరువు సరిపోయేలా ముందు వైపు ఒక రాయి పెట్టుకుని బయల్దేరాడు. దీవి అవతల రాళ్ల వరస వెంట పడవను గాలికి అడ్డంగా వదిలి, ఈకలు కట్టిన గాలాన్ని అల మీద ఆడించాడు. రెండోసారి ఆ వరస దాటుతుండగా నీళ్లు పగిలాయి. తెల్లగా మెరిసి, గాల్లోకి ఎగిరి, మళ్లీ ఎగిరింది. తెల్ల ట్రౌట్! అంత పెద్దదాన్ని చూసి ఏళ్లయింది. దారం తెగకూడదు, గాలం జారకూడదు, ఒక్క తప్పు కూడా జరగకూడదు. లాగుతూ వదులుతూ దాన్ని అలసిపోనిచ్చి పడవ పక్కకు తెచ్చాడు. వంగాడు. చెయ్యి నీళ్లలో ముంచాడు. గాలం తప్పించాడు. తల అలకు ఎదురుగా తిప్పి పట్టుకున్నాడు. చేప తోక ఆడించింది.

"పో తల్లీ, ఇంటికి పో" అన్నాడు.

అనేశాక తెలిసింది. చెయ్యి ఖాళీగా నీళ్లలో ఉంది. చేపను కొట్టడానికి తెచ్చుకున్న కర్ర కాళ్ల దగ్గరే పడి ఉంది. ఫెస్టీ ముసలి గొంతుతో ఏదో అరిచాడు, అది మాత్రం తిట్టు కాదు. చీకటి పడేదాకా ఆ రాళ్ల మీదుగా గాలం వేస్తూనే ఉన్నాడు. మరొకటి రాలేదు.

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. డీలియా కళ్లు తెరవలేదు.

"దొరికిందా?"

"లేదు."

ఆమె అతని చెయ్యి తడిమి, ముక్కు దగ్గరికి లాక్కుంది. "నాతో అబద్ధాలాడకు. ఈ వాసన నాకు తెలీదూ?"

"వదిలేశానే!" అని ఫెస్టీ బావురుమన్నాడు. "నీకోసం వెళ్లి నిన్నే మరిచిపోయాను. నా చేతులు పడిపోను!"

ఆమె ముఖంలో ఆశ పోవడం అతను చూశాడు. దాన్ని ఆమె దాచుకోవడమూ చూశాడు.

"ఎంతుంది?" అంది.

"చాలా పెద్దది."

"అయితే మన పెనం చాలేది కాదులే. బాగా ఈదిందా?"

"బాగా ఈదింది. రేపు మళ్లీ వెళ్తాను డీలియా, గాలి ఇలాగే ఉండేట్టుంది."

"వెళ్లు" అని, ఆ చెయ్యి అలాగే చెంప కింద పెట్టుకుని పడుకుంది.

మర్నాడు గాలి అదే, మబ్బు అదే. ఫెస్టీకి మాత్రం సరస్సు మీదికి వెళ్లవలసిన పని లేకపోయింది. తెల్లారకముందే డీలియా పోయింది.

ఫెస్టీ ఇప్పటికీ అతిథులను పడవలో తీసుకెళ్తాడు. తెల్ల ట్రౌట్ పడితే మాత్రం అరవడు. "మీరే వదలండి. ముందు చెయ్యి తడుపుకోండి" అని చెప్పి, తెడ్డు గట్టిగా పట్టుకుని ఒడ్డు వైపు తిరిగి కూర్చుంటాడు. ముసలాయనకు బద్ధకమెక్కువని అతిథులు ఒడ్డుకొచ్చి బార్ట్లీకి ఫిర్యాదు చేస్తారు. నోట్లో నువ్వుగింజ నానని బార్ట్లీ ఆ మాటకు మాత్రం జవాబు చెప్పడు.

పడవలో, వెనక నీళ్లు తపుక్కుమన్నాక, "పోయిందా?" అని అడుగుతాడు ఫెస్టీ. పోయిందంటే, తెడ్డు వేస్తాడు.