మెట్ట తాబేళ్లను కుంటలో వదిలిన రోజు

నిన్న పొద్దున పలమనేరులో బస్సు కోసం నిలబడి ఉండగా మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ఏదో ఊరి బడిపిల్లలు చెరువుగట్టున వరసగా నిలబడి ఉన్నారు. ముందున్న పాప చేతిలో స్టీలు బేసిను, అందులో నల్లటి డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకున్న తాబేలు ఒకటి. దాన్ని నీళ్లలోకి జారవిడుస్తుండగా తీసిన ఫోటో అది. కింద 'మూగజీవికి ప్రాణం పోసిన చిన్నారులు' అని రాసి, దండం పెట్టే చేతుల బొమ్మలు ఆరో ఏడో తగిలించారు. నా ముందే బస్సు ఆగింది, నన్ను ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది. 'అది నీళ్లలో బతకదు, వెంటనే బయటికి తీయండి' అని టైపు చేసి, పంపబోతూ ఆగాను. ఆ ఫోటో ఎన్నాళ్ల కిందటిదో, ఎన్ని గ్రూపులు తిరిగి మా దాకా వచ్చిందో ఎవరికి తెలుసు. ఆ తాబేలు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. టైపు చేసింది చెరిపేశాను. నేను పనిచేసే పాలకేంద్రానికి ఆలస్యంగా వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాక కూడా కోపం దిగలేదు.

ఆ కోపం పిల్లల మీద కాదు. పదకొండేళ్ల కిందటిది, నాకు పంతొమ్మిదేళ్లప్పటిది. మాట్లాడవలసిన చోట తల దించుకుని, ఇంటికి వచ్చాక డైరీలో పేజీలకు పేజీలు రాసుకునే మనిషిని నేను. నా ఈడు ఆడపిల్లల్లో ఇలాంటివాళ్లు చాలామందే ఉంటారు, వాళ్లకు నేను చెప్పబోయేది తొందరగా అర్థమవుతుంది.

మా నాయనకు ఒక అన్న, ఒక చెల్లెలు. ఆ చెల్లెలు, అంటే మా అత్త, పెళ్లయిన నాలుగేళ్లకే భర్త పోతే పుట్టింటికి తిరిగి వచ్చి, మా పెరట్లోని చిన్న ఇంట్లో ఉంటూ మేకలు మేపేది. బడికి ఒక్కరోజు కూడా పోలేదు. నేను మాత్రం ఇంట్లో గోల లేకుండా చదువుకోవడానికి ఆమె వెంట గుట్టకు పోయేదాన్ని. మేకలు బలుసు పొదల్లో మేస్తుంటే బండ మీద కూర్చుని లైబ్రరీ పుస్తకాలు చదువుకునేదాన్ని; ఏం చదువుతున్నావని ఆమె ఎప్పుడూ అడగలేదు గానీ, నా మీద ఎండ పడుతుంటే వచ్చి పైట చెంగు నా తల మీద కప్పి పోయేది.

వానలు మొదలవగానే ఆ గుట్ట మీద తాబేళ్లు బయటికి వచ్చేవి. వేసవంతా రాళ్ల సందుల్లో, కలివిపొదల అడుగున ఎక్కడ దాక్కునేవో గానీ, మొదటి పదును వాన పడిందంటే లేత గడ్డి కోసం నింపాదిగా నడుస్తూ కనిపించేవి. మా వైపు వాటిని మెట్ట తాబేళ్లు అంటారు. మెట్ట అంటే నీళ్లు నిలవని నేల. మెట్ట సేద్యం, మెట్ట పైరు అన్నట్టే మెట్ట తాబేలు. ఆ పేరు పెట్టినవాళ్లు ఎవరో గానీ, దాని బతుకంతా ఆ ఒక్క మాటలోనే పెట్టేశారు. చెనక్కాయ చేను దున్నేముందు మా అత్త గంప చంకన పెట్టుకుని, సాలు వెంబడి సాలు, చేనంతా ఒకసారి నడిచి వచ్చేది. కనపడిన తాబేళ్లను గంపలో వేసుకుని గుట్ట మొదట్లో వదిలి, చేతులు దులుపుకుని, ఇక తోలుకోమని ట్రాక్టరు అతనికి సైగ చేసేది. అది ఆమెకు ఎవరూ చెప్పిన పని కాదు, ఆమె అమ్మ చేసేదట, ఆమె చేసింది. ట్రాక్టరు అతను బీడీ కాల్చుకుంటూ ఆగేవాడు. ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు.

ఆ ఏడు ఆషాఢంలో బయటినుంచి వచ్చిన ఇద్దరు మనుషులు గుట్ట మీద తాబేళ్లను ఏరి గోతాంలో వేసుకుని మోటారు సైకిల్ మీద పోతుంటే, రోడ్డు పక్క చేలో విత్తనం వేస్తున్న మావాళ్లు అడ్డగించారు. వాళ్లు గోతాం పడేసి పారిపోయారు. విప్పి చూస్తే పదిహేడు తాబేళ్లు ఒకదాని మీద ఒకటి, కాళ్లు తలలు లోపలికి ముడుచుకుని. వాటిని పట్టుకుపోయి ఇళ్లలో పెంచుకునేవాళ్లకు అమ్ముతారని ఊరందరికీ తెలుసు. మా ఊరివాళ్లు ఆ రోజు చేసింది నిజంగా మంచి పనే, ఆ మాట నేను కాదనను. అటవీశాఖ వాళ్లకు ఫోను చేద్దామని మా నాయన అన్నాడు. ఊరి పెద్దగా చెలామణి అవుతున్న మా పెదనాయన ఒప్పుకోలేదు. వాళ్లు వస్తే గోతాం పట్టుకుని పోతారు, ఇంక ఊరికి మిగిలే పేరేమిటని ఆయన వాదన. కూర్మావతారం మన ఊరికి నడిచి వచ్చింది, మన చేతులతోనే నీళ్లలో వదలాలి, పేపరులో రాసే ఆయనను పిలిపిస్తానని తేల్చేశాడు.

నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని చార్టు రాసే పని నాకు అప్పగించారు. 'మెట్ట తాబేళ్లకు మా ఊరే రక్ష' అని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసుకుని పోయి చూపించాను. పెదనాయన కళ్లద్దాలు సవరించుకుని చదివి, మెట్ట అనే మాట మీద వేలు పెట్టాడు.

"ఇది తీసెయ్ పాపా, మోటుగా ఉండాది. పేపర్లో పడేటిది గదా."

ఇంకో చార్టు తీసుకుని 'తాబేళ్లకు మా ఊరే రక్ష' అని రాశాను. అర్థం తెలిసినదాన్ని, పుస్తకాలు చదివినదాన్ని, ఆ మాట ఎందుకుందో రోజూ కళ్లారా చూసినదాన్ని. ఒక్క నిమిషం కూడా వాదించకుండా నా చేతులతో నేనే తీసేశాను.

సాయంత్రం నాలుగు గంటలకు అందరూ ఊరి బయటి కుంట దగ్గర చేరారు. వానలకు నడుముల దాకా నీళ్లు వచ్చి ఉన్నాయి. డిప్పలకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టారు. చార్టు పట్టుకుని నేను ముందు వరసలో నిలబడ్డాను. అప్పుడే మా అత్త మేకలను తోలుకుంటూ గట్టు మీదికి వచ్చింది. విషయం ఏమిటో చూసి, మేకలను వదిలేసి గబగబా దిగి వచ్చింది.

"అన్నా, అవి నీళ్లలోటివి కాదు, మెట్టవి. మునిగి సస్తాయి. నాకియ్యి, గుట్టకాడ వదిలేసి వస్తా."

పెదనాయన ఆమె వైపు తిరగను కూడా తిరగలేదు. "తాంబేలు నీళ్లలో సస్తాదంట, వినండప్పా," అన్నాడు పేపరు ఆయనతో, నవ్వుతూ. వెనకనుంచి ఎవరో అందుకున్నారు: "కుంటలో సేపలు గూడా ఉండాయి మే, వాటిని గూడా గుట్టకు తోలకపో మేతకు." గట్టంతా ఘొల్లుమంది.

మా అత్త నవ్వులు ఆగేదాకా నిలబడి, నా వైపు చూసింది.

"పాపా, నువ్వు సదువుకుండావు గదా. నువ్వు సెప్తే వింటారు. సెప్పు."

నా భుజాన వేలాడుతున్న సంచిలోనే లైబ్రరీ నుంచి తెచ్చిన జంతువుల పుస్తకం ఉంది. నీటి తాబేలు వేళ్ల మధ్య పల్చటి తోలు, మెట్ట తాబేలుకు ఏనుగు పాదాల్లాంటి కాళ్లు, రెండు బొమ్మలూ ఒకే పేజీలో ఉన్నాయి. తీసి చూపిస్తే చాలు, మాట్లాడవలసిన పని కూడా లేదు. అందరి చూపులూ నా మీద పడ్డాయి. నేను చార్టును ఇంకాస్త పైకెత్తి దాని వెనక ముఖం దాచుకున్నాను.

పదిహేడింటినీ వదిలారు. కొన్ని కాసేపు కాళ్లు కొట్టుకున్నాయి, తరవాత ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి. ఎంత సంతోషంగా సొంతింటికి పోతా ఉండాయో చూడమని పెదనాయన చూపించాడు, జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

జనం కదిలీ కదలకముందే మా అత్త చీర ఎగదోపుకుని కుంటలోకి దిగింది. పాదాలతో బురదలో తడుముతూ, తగిలినదాన్ని వంగి తీస్తూ గట్టు మీదికి విసిరినట్టు పెట్టేది. నేనూ దిగాను. మేకపిల్ల పుట్టినప్పుడు జిగురు ముక్కులకు అడ్డంపడి ఊపిరి అందకపోతే వెనక కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపుతారు చూడండి, ఆమె ఆ తాబేళ్లను అలా తల కిందికి పట్టుకుని ఊపింది. ముందు కాళ్లను వేళ్లతో పట్టి లాగి వదులుతుంటే నోట్లోంచి నీళ్లు కారాయి. చార్టు గురించి గానీ, పుస్తకం గురించి గానీ ఆమె ఒక్క మాట అనలేదు. అన్నదల్లా, "అట్లా కాదు పాపా, తల కిందికి పెట్టు" అని. మా చేతులకు తొమ్మిది దొరికాయి, వాటిలో నాలుగు కదిలాయి. ఆ నాలుగింటిని ఒళ్లో కట్టుకుని, మేకల వెంట గుట్టకు పోయింది.

మూడో రోజుకు కుంటలో మిగిలినవి ఉబ్బి పైకి తేలాయి. వాసన ఊళ్లోకి వచ్చింది. అప్పుడైనా పొరపాటు జరిగిందని అంటారనుకున్నాను. ముందు దొంగలు విషం పెట్టి ఉంటారని అన్నారు. తరవాత ఇంకో మాట పుట్టింది, శుభమా అని దేవుడి పని చేస్తుంటే మొగుడు పోయినామె ఎదురొచ్చి చస్తాయని నోరు జారింది, అందుకే అట్లా అయ్యాయని. ముంచినవాళ్లు పుణ్యాత్ములు, వద్దన్న మనిషి అపశకునం. సొంత అన్న అయిన పెదనాయన ఆ మాట విని కాదనలేదు సరే, మా నాయనా విన్నాడు, నేనూ విన్నాను. పేపరులో పడిన ఫోటోకు పెదనాయన అద్దం కట్టించి నడవలో తగిలించుకున్నాడు. ఆ ఏడాదినుంచి మా ఇళ్లలో ఏ శుభకార్యం జరిగినా మా అత్త పెరటి ఇల్లు వదిలి రాలేదు, రమ్మని గట్టిగా పిలిచినవాళ్లూ లేరు. చేలో గంప పట్టుకుని నడవడం కూడా ఆపేయమన్నారు. ఆ మనిషి ఎదురొస్తే విత్తనం మొలవదట. ముప్పై ఏళ్లు ఆమె నడిచిన చేలల్లోనే పండిన చెనక్కాయలు తిని పెరిగినవాళ్లు అన్న మాట ఇది. ఇప్పుడైనా ఎవరైనా నాతో ఆ మాట అంటే ఊరుకోనని అనుకుంటూ ఉంటాను, కానీ అనేవాళ్లు నాతో ఎందుకు అంటారు.

ఇప్పుడు ఆమెకు మోకాళ్లు పట్టేశాయి, మేకలు అమ్మేసింది. నిన్న సాయంత్రం ఆ ఫోటో ఆమెకు చూపించాను. ఫోను దూరంగా పెట్టుకుని చాలాసేపు చూసి, "ఆ చెరువు ఎంత లోతుంటాది పాపా?" అని అడిగింది. తెలియదన్నాను.

రాత్రి మంచి వాన పడింది. ఇవాళ ఆదివారం, తెల్లారగానే గుట్టకు పోయాను. ఒక పక్క కంకర కోసం సగం దాకా తొలిచేశారు, ఇంకో పక్క మామిడితోటలకు ముళ్లకంచె వేశారు. చేలల్లో ట్రాక్టర్లు తిరిగిపోయిన తాజా గీతలు ఉన్నాయి, వాటి ముందు ఎవరూ నడిచిన గుర్తులు లేవు. మా చిన్నప్పుడు ఇలాంటి పొద్దున పది అడుగులకు ఒక తాబేలు అడ్డం వచ్చేది, దాటుకుని పోయేవాళ్లం, అదేమంత వింతగా ఉండేది కాదు. రెండు గంటలు పొదలు వంచి చూశాను, రాళ్ల కింద చూశాను. ఒక్క ఖాళీ డిప్ప అయినా కనపడలేదు.

దిగి వస్తుంటే, పాల క్యానులు కట్టుకుని పోతున్న మా ఊరి కుర్రవాడు నన్ను చూసి బండి నెమ్మది చేశాడు. చదువుకున్నవాడే, ఊళ్లోనే పుట్టి పెరిగినవాడే.

"ఏం పోగొట్టుకున్నావక్కా, నేలంతా యెతకతా ఉండావు?"

"తాంబేళ్లు," అన్నాను.

వాడు గుట్ట వైపు ఒకసారి చూసి నవ్వాడు. "ఈడ సుక్క నీళ్లు లేవు గదక్కా, తాంబేళ్లు యాడ్నించి వస్తాయి?"

చెప్పడానికి నోరు తెరిచాను. మాట కూడబలుక్కునే లోపల బండి మలుపు తిరిగిపోయింది.